నీళ్ళు తవ్విన గని

అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో షర్లీ బేసిన్ అనే గడ్డి మైదానం ఉంది. 1950ల చివర అక్కడ యురేనియం పడిందని తెలిసి యూటా కన్‌స్ట్రక్షన్ కంపెనీ భూగర్భ గని దించింది. ఖనిజం దొరికింది, దాంతోపాటు నీళ్ళూ దొరికాయి. యురేనియం ఉన్నది వదులైన ఇసుకరాయి పొరలో. భూగర్భ జలాలు నడిచే దారి కూడా ఆ పొరే. సొరంగం ముందుకు సాగేకొద్దీ నీరు వచ్చి పడేది. గని నుంచి ఖనిజం తియ్యడం కన్నా నీరు తోడటం పెద్ద పని అయిపోయింది. ఈ కంపెనీ కొత్తదేమీ కాదు. హూవర్ డ్యామ్ కట్టిన ఆరు కంపెనీల కూటమిలో ఇదొకటి. నదిని ఆపిన వాళ్ళకు నేల అడుగున ఊట లొంగలేదు.

అప్పుడు వాళ్ళకు తట్టిన ఆలోచన తిరకాసుగా కనిపిస్తుంది గానీ సూటిదే. నీరు ఎలాగూ పోయేటట్టు లేదు కాబట్టి ఆ నీటితోనే పని చేయించుకోవాలి. 1961లో ప్రయోగాలు మొదలుపెట్టారు. పైనుంచి బోర్లు వేసి పలచని గంధకామ్లం కలిపిన నీటిని ఖనిజం ఉన్న పొరలోకి దింపారు. అది ఇసుక రేణువుల సందుల్లో నడుస్తూ యురేనియాన్ని కరిగించుకుంటుంది. పక్కనున్న మరో బోరులోంచి దాన్ని పైకి తోడి, యురేనియాన్ని వేరుచేసి, మిగిలిన నీటికి మళ్ళీ ఆమ్లం కలిపి కిందికి పంపిస్తారు. 1963 నాటికి సొరంగం పని ఆగిపోయింది. 1969 దాకా షర్లీ బేసిన్‌లో మనిషి నేలలోకి దిగకుండానే యురేనియం పైకొచ్చింది. ఆ తర్వాత కంపెనీకి ఇంకా పెద్ద ఎత్తున ఖనిజం కావలసి వచ్చి, నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్ కాస్ట్ పద్ధతికి మారింది. అయినా ద్రావణంతో యురేనియం తీసే వృత్తికి వ్యాపార స్థాయిలో తొలి పాఠశాల అదే.

ఈ పద్ధతి పనిచెయ్యడానికి కారణం ఆ ఖనిజం పుట్టిన తీరులోనే ఉంది. యురేనియానికి రెండు స్వభావాలు. ఆక్సిజన్ అందిన నీటిలో అది కరిగి ప్రయాణిస్తుంది. ఆక్సిజన్ లేని చోటికి రాగానే కరగని రూపంలోకి మారి ఆగిపోతుంది. కోట్ల ఏళ్ళ కిందట గ్రానైట్ కొండల మీద, అగ్నిపర్వతాల బూడిద మీద పడ్డ వాన వాటిలోని కొద్దిపాటి యురేనియాన్ని కడిగి ఇసుకరాయి పొరల్లోకి తీసుకుపోయింది. దారిలో ఎక్కడో కుళ్ళిన చెట్ల అవశేషాలు, ఇనుము గంధకం కలిసిన పైరైట్ ఎదురై నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకున్నాయి. అక్కడ యురేనియం దిగబడింది. అలా దిగబడిన ఖనిజం నిలువుకోతలో చూస్తే నెలవంక ఆకారంలో ఉంటుంది. దీన్ని భూగర్భ శాస్త్రవేత్తలు రోల్ ఫ్రంట్ అంటారు. వ్యోమింగ్‌లోనే దీని రూపురేఖల్ని బాగా అర్థం చేసుకున్నారు. ద్రావణ గని చేసేదల్లా ప్రకృతి చేసిన పనిని వెనక్కి తిప్పడమే. నీటికి మళ్ళీ ఆక్సిజన్ ఇస్తే ఆగిన యురేనియం మళ్ళీ నడక మొదలుపెడుతుంది.

బోరు గుండా ఖనిజం తియ్యడం మాత్రం అప్పటికే పాత విద్య. 1894లో హెర్మన్ ఫ్రాష్ లూసియానాలో మరుగుస్థాయిని మించి వేడెక్కించిన నీటిని గొట్టంలో దింపి, గంధకాన్ని కరిగించి పైకి తెచ్చాడు. ఆ గంధకంతోనే గంధకామ్లం చేస్తారు. అంటే బోరులోంచి వచ్చిన సరుకే తర్వాతి తరంలో ఇంకో బోరులోకి దిగిందన్నమాట. బోర్ల అమరిక చమురు వాళ్ళది. నాలుగు మూలలా నీరు దింపే బోర్లు, నడుమ తోడే బోరు అన్న అయిదు బోర్ల చదరం చమురు క్షేత్రాల్లో నీటితో నూనెను తోసే పనికి వాడుకలో ఉన్నదే. ఖనిజం మీద ఆమ్లపు నీరు పోసి లోహాన్ని రాబట్టడం స్పెయిన్‌లోని రియో టింటో రాగి గనులకు ఎన్నో తరాలుగా తెలుసు. ఇలాంటి చోట్ల రసాయనంతో పాటు కంటికి కనిపించని కూలీలు కూడా ఉన్నారని 1947లో బయటపడింది. అమెరికా బొగ్గు గనుల ఆమ్లపు నీటిలో ఇనుమును ఆక్సీకరించి బతికే బాక్టీరియాను కోల్మర్, హింకిల్ అనే శాస్త్రవేత్తలు గుర్తించారు. 1960లలో కెనడాలోని ఎలియట్ లేక్ దగ్గర స్టాన్‌రాక్ గనిలో ఖనిజం తవ్వడం ఆపేసి, పాత సొరంగాల గోడల్ని నీటితో కడిగి, ఆ బాక్టీరియా కరిగించి పెట్టిన యురేనియాన్ని పోగుచేసుకున్నారు.

ఇంకొక ముక్క లేకపోతే ఇదంతా లెక్కకు వచ్చేది కాదు. బోరులోంచి వచ్చే ద్రావణంలో యురేనియం లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాముల నుంచి కొన్ని వందల మిల్లీగ్రాముల దాకా మాత్రమే ఉంటుంది. అంత పలచని నీటిలోంచి లోహాన్ని ఏరుకునే ఉపాయం రెజిన్. ఇళ్ళలో కఠిన జలాన్ని మెత్తబరిచే యంత్రాల్లో ఉండే పూసల్లాంటివే ఇవీ. ద్రావణం వాటి మధ్య నుంచి పోతుంటే యురేనియం పూసలకు అంటుకుంటుంది, తర్వాత ఉప్పు నీటితో కడిగితే చిక్కగా ఊడి వస్తుంది. 1952లో దక్షిణాఫ్రికాలోని వెస్ట్ రాండ్ బంగారు గనుల దగ్గర తెరిచిన యురేనియం కర్మాగారం ఈ రెజిన్లను పెద్ద ఎత్తున వాడింది. పదేళ్ళలోపే అవి షర్లీ బేసిన్ చేరాయి.

సరిగ్గా అదే కాలంలో ఇనుప తెర అవతల సోవియట్ ఇంజినీర్లు కూడా అదే దారి పట్టారు. అణు పరిశ్రమ మొత్తాన్ని నడిపిన శాఖకు వాళ్ళు పెట్టిన పేరు మధ్యతరహా యంత్ర నిర్మాణ మంత్రిత్వశాఖ. పేరు చూసి ఎవరైనా ట్రాక్టర్లో కుట్టు మిషన్లో అనుకోవాలి. ఆ శాఖ 1960ల తొలినాళ్ళలో ఉక్రెయిన్‌లోని దేవ్లాదోవెలో, ఉజ్బెకిస్తాన్ ఎడారిలోని ఉచ్‌కుదుక్‌లో ఈ ప్రయోగాలు చేయించింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు శిబిరాలూ ఒకే ఆమ్లంతో మొదలుపెట్టడం ఈ చరిత్రలో ముచ్చటైన మలుపు. అక్కడి నుంచి మాత్రం దారులు చీలాయి. సోవియట్లు ఆమ్లాన్ని వదల్లేదు. అమెరికా వదిలేసింది.

అందుకు నీతి నియమాలకన్నా ముందు సున్నం కారణం. ఇసుకరాయిలో సున్నపు అంశం ఎక్కువుంటే గంధకామ్లంలో చాలా భాగం దానికే ఖర్చయిపోతుంది. పైగా ఆ రెండూ కలిసి జిప్సం అవుతుంది. అది ఇసుక సందుల్లో పేరుకుని నీటి దారిని మూసేస్తుంది. వ్యోమింగ్‌లోని రినో క్రీక్‌లో 1970ల చివర ఆమ్లంతో చేసిన పరీక్షకు ఈ పూడికే అడ్డొచ్చింది. దక్షిణ టెక్సస్ ఇసుకరాళ్ళలోనూ సున్నం దండిగా ఉంది. పైగా అక్కడ పశువుల మందలు తాగేదీ, రైతులు తోడుకునేదీ ఆ పొరల్లోని నీరే. అందుకని టెక్సస్ వాళ్ళు క్షారం వైపు తిరిగారు. 1975లో జార్జ్ వెస్ట్ పట్టణం దగ్గర క్లే వెస్ట్ అనే గని వ్యాపార స్థాయిలో క్షార ద్రావణంతో నడవడం మొదలైంది. అమ్మోనియం బైకార్బొనేట్, దానికి తోడు ఆక్సిజన్ అందించడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడారు.

ఇది యురేనియాన్ని చక్కగా కరిగించింది. తంటా గని మూశాక మొదలైంది. ఇసుకరాయిలో అక్కడక్కడా ఉండే బంకమన్ను అమ్మోనియంను పట్టుకుని వదలదు. ఎన్ని సార్లు మంచినీటితో కడిగినా కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. అది నైట్రేట్‌గా మారితే తాగునీటికి చేటు. కరిగించేటప్పుడు పనికొచ్చిన అమ్మోనియమే కడిగేటప్పుడు శత్రువైంది. దాంతో అమ్మోనియాను పక్కనపెట్టి సోడియం బైకార్బొనేట్‌కు, అంటే మన వంట సోడాకు, మారారు. అదీ దోషం లేనిదేం కాదు. సోడియం తగిలిన బంకమన్ను ఉబ్బి నీటి దారుల్ని ఇరుకు చేస్తుంది. చివరికి చాలా గనులు తేలికైన మిశ్రమం దగ్గర కుదురుకున్నాయి. నేలలోని నీటిలోనే సహజంగా బైకార్బొనేట్ ఉంటుంది. దానికి కాస్త కార్బన్ డయాక్సైడ్, కాస్త ఆక్సిజన్ వాయువు కలిపితే చాలు. ఖరీదైన పెరాక్సైడ్ స్థానంలో ఆక్సిజన్ వాయువు వచ్చింది. సోడా బుడ్డీలో ఉండే గ్యాసుతో యురేనియం తియ్యవచ్చని 1960లో ఎవరన్నా చెబితే షర్లీ బేసిన్ ఇంజినీర్లు నవ్వి ఉండేవారు.

ద్రావణ గనుల చరిత్రలో నిలబడ్డ మెరుగుదలలు ఎక్కువగా ఇలాంటివే. ఇంకా ఘాటుగా కరిగించే మందు కోసం మొదట వెతికారు. తర్వాత తెలిసిందేమిటంటే, ఎంత తక్కువ ఘాటుతో పని జరిగితే అంత తక్కువ చెత్త నీటిలో కలుస్తుంది. ఘాటైన ద్రావణం యురేనియంతో ఆగదు. ఆర్సెనిక్‌ను, సెలీనియంను, రేడియంను, అల్యూమినియంను, దారిలో ఎదురైన ప్రతిదాన్నీ కొంచెం వెంట తీసుకొస్తుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి ఒక దేశం పెద్ద మూల్యం చెల్లించింది.

ఆ దేశం అప్పటి చెకొస్లొవేకియా. యురేనియంతో వాళ్ళకున్నంత పాత బంధుత్వం మరెవరికీ లేదు. మేరీ క్యూరీ రేడియంను వేరుచేసింది యాకిమోవ్ గనుల వ్యర్థంలోంచే. 1950ల మొదట్లో అవే గనుల్లో రాజకీయ ఖైదీల చేత చాకిరీ చేయించి సోవియట్ యూనియన్‌కు యురేనియం పంపారు. తర్వాత ఉత్తర బొహీమియాలో స్ట్రాజ్ పొద్ రాల్స్కెమ్ అనే ఊరి దగ్గర ఇసుకరాయిలో పెద్ద నిక్షేపం బయటపడింది. 1967లో అక్కడ ఆమ్లంతో కరిగించే ప్రయోగం మొదలై, 1970లలో, 80లలో వేల బోర్లతో విస్తరించింది.

అక్కడి నేల నిర్మాణాన్ని కాస్త ఊహించుకోవాలి. అడుగున యురేనియం ఉన్న ఇసుకరాయి పొర. దానిపైన నీరు సులభంగా ఇంకని పొర. ఆ పైన మరో ఇసుకరాయి, అందులో ఆ ప్రాంతానికి తాగునీరు ఇచ్చే మంచినీటి నిల్వ. ఖనిజాన్ని చేరాలంటే ప్రతి బోరూ ఆ మంచినీటి పొరను చీల్చుకుంటూ పోవాల్సిందే. ఒక బోరు గొట్టం చుట్టూ సిమెంటు సరిగా పట్టకపోయినా, ఒక గొట్టం పగిలినా, పైన కలిపే చోట ఒలికినా ఆమ్లం పోయేది మంచినీటిలోకే. బోర్లు వేలల్లో ఉన్నప్పుడు ఇలాంటివి ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి, జరిగాయి కూడా.

దానికి తోడు ఇంకో విడ్డూరం. కొద్ది కిలోమీటర్ల అవతల హమ్ర్‌లో అదే నిక్షేపాన్ని మామూలు భూగర్భ గనిగా తవ్వుతున్నారు. సొరంగం పొడిగా ఉండాలంటే నీటిని తోడి మట్టం తగ్గించాలి. ఆమ్లం దింపే చోట మాత్రం పొర నీటితో నిండి ఉండాలి. ఒకే నీటిపొరలో ఒకరు తోడుతుంటే ఒకరు నింపుతున్నారు. అలాంటప్పుడు ఆమ్లం ఎటు పారుతుంది? గని వైపు. దాన్ని ఆపడానికి రెంటికీ మధ్య మంచినీటిని దింపుతూ నీటి గోడ లాంటిది నిలబెట్టాల్సి వచ్చింది. రెండు పద్ధతుల్లో ఏది ఎక్కడ వాడాలో ముందే తేల్చుకుని ఉంటే ఈ పాట్లుండేవి కావు. కానీ ప్రణాళిక అడిగింది టన్నుల లెక్క, నీటి లెక్క కాదు.

1996లో ద్రావణ గనిని మూసేసేటప్పటికి నేలలోకి దింపిన గంధకామ్లం 40 లక్షల టన్నుల పైమాట. ఇది కాక నత్రికామ్లం 3 లక్షల టన్నులకు పైన, అమ్మోనియా లక్ష టన్నులకు పైన. పైకి వచ్చిన యురేనియం సుమారు 15 వేల టన్నులు. భాగించి చూస్తే కిలో యురేనియానికి రెండున్నర క్వింటాళ్ళకు పైగా ఆమ్లం పోశారు. అడుగు పొరలో 20 చదరపు కిలోమీటర్లకు మించిన మేర నీరు ఆమ్లమయమైంది. మంచినీటి పొరలో కొంత భాగమూ చెడింది. అప్పటి నుంచి దియామో అనే ప్రభుత్వ సంస్థ ఆ నీటిని తోడి, ఆవిరి చేసి, పటికగా గడ్డకట్టించి, లవణాలను వేరుచేస్తూ వస్తోంది. తవ్వకం సాగినది ముప్పై ఏళ్ళ లోపు. శుభ్రం చేసే పని అంతకన్నా ఎక్కువ కాలం నడిచేలా ఉంది.

పక్కనే తూర్పు జర్మనీలోని కోనిగ్‌స్టీన్ గని కథ దీనికి తమ్ముడి వరస. విస్ముట్ సంస్థ అక్కడ సొరంగాల్లోనే ఇసుకరాయి దిమ్మల్ని పగలగొట్టి, వాటి మీద ఆమ్లం పోసి కరిగించింది. 1984 నుంచి మామూలు తవ్వకం పూర్తిగా ఆగి ఆమ్లమే మిగిలింది. జర్మనీ ఏకమయ్యాక 1990లో మూతపడింది. ఆ గనిని నీటితో ఎలా నింపాలా, నింపితే ఎల్బే నది లోయకు ఏమవుతుందా అని తర్జనభర్జనలు పడి 2001లో గానీ నింపడం మొదలుపెట్టలేదు.

స్ట్రాజ్ కథ విని ఆమ్లమే పాపమని తీర్పు చెప్పడం తొందరపాటు. ఇప్పుడు ప్రపంచ యురేనియంలో సగానికి పైగా ఈ ద్రావణ గనుల నుంచే వస్తోంది, అందులో సింహభాగం ఆమ్లంతోనే. అది ఎక్కువగా వచ్చేది కజకిస్తాన్ స్టెపీ మైదానాల నుంచి.

చూ-సరిసూ, సిర్‌దర్యా లోయల్లోని ఇసుకరాయి నిక్షేపాలను సోవియట్ కాలంలోనే కనిపెట్టి, 1970లలోనే అక్కడ బోర్లు దింపి పరీక్షించారు. సోవియట్ యూనియన్ పోయాక ఆ బోర్లు, ఆ ఇంజినీర్లు, ఆ పటాలు కజకిస్తాన్‌కు మిగిలాయి. యురేనియం ధర మాత్రం నేలను తాకుతోంది. త్రీ మైల్ ఐలాండ్, చెర్నోబిల్ ప్రమాదాల తర్వాత రియాక్టర్లు కట్టేవాళ్ళు తగ్గారు, నిల్వలు పేరుకున్నాయి. సొరంగాలు, రాళ్ళు పిండి చేసే మిల్లులు, కొండలంత వ్యర్థపు గుట్టలు ఉన్న గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బోర్లూ రెజిన్ తొట్లూ తప్ప మరేమీ అక్కర్లేని ద్రావణ గనులు ఆ గడ్డుకాలాన్ని తట్టుకున్నాయి. 1997లో కజ్‌అటామ్‌ప్రోమ్ అనే జాతీయ సంస్థ ఏర్పడింది. 2000లో 2 వేల టన్నుల లోపున్న ఆ దేశపు ఉత్పత్తి 2009కల్లా 14 వేల టన్నులకు చేరి కెనడాను దాటి మొదటి స్థానానికి వచ్చింది. ఇప్పుడు ప్రపంచ ఉత్పత్తిలో సుమారు 40 శాతం ఆ దేశానిదే. సోవియట్ మేధావులు రహస్యంగా దాచుకున్న విద్యను అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2001లో ఆమ్ల పద్ధతి కరదీపికగా అచ్చువేసింది. ఒకప్పుడు సీలు వేసిన కాగితాల్లో ఉన్న సంగతులు ఎవరైనా చదువుకోగలిగేవి అయ్యాయి.

బొహీమియాలో బెడిసికొట్టిన ఆమ్లం ఇక్కడ నిలదొక్కుకోవడానికి కారణాలు రసాయనంలో కొంత, భూగోళంలో కొంత. ద్రావణం పలచగా ఉంటుంది. కిలో యురేనియానికి కొన్ని పదుల కిలోల నుంచి వంద కిలోల దాకా ఆమ్లంతో పని గడుస్తుంది. ఖనిజం ఉన్న పొరలు పైనా కిందా బంకమన్ను పొరల మధ్య బిగిసి ఉన్నాయి. ఆ నీరు చాలాచోట్ల ముందే ఉప్పన. చుట్టూ జనం పలచన. ఇందులో ఆఖరి కారణాన్ని సాంకేతిక విజయంగా చెప్పుకోవడం మాత్రం న్యాయం కాదు. మనుషులు లేని చోట తప్పు జరిగితే ఫిర్యాదు చేసేవాళ్ళు ఉండరు, అంతే.

ఆమ్లం మీద ఆధారపడ్డ దేశానికి ఆమ్లమే ముకుతాడు. 2007లో ఒక గంధకామ్ల కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదం కజక్ గనుల్ని నెమ్మదింపజేసింది. 2024 జనవరిలో కజ్‌అటామ్‌ప్రోమ్ తన ఉత్పత్తి అంచనాలను తగ్గించుకుంటూ చెప్పిన ముఖ్య కారణం కూడా ఆమ్లం కొరతే. ఎరువుల కర్మాగారాలకు కావలసిందీ అదే ఆమ్లం. పొలానికి వేసే ఫాస్ఫేటూ, రియాక్టర్‌కు పోయే యురేనియమూ ఒకే ట్యాంకరు కోసం వరసలో నిలబడ్డాయి. కొత్త బోర్ల సముదాయాన్ని మేల్కొల్పేటప్పుడే ఆమ్లం ఎక్కువ కావాలి. ముందుగా రాయంతా తడిసి పులియాలి గనక, మొదటి నెలల్లో పోసిందంతా నేలే తాగుతుంది. ఆ తర్వాత పైకొచ్చే ద్రావణం చిక్కబడి, ఏళ్ళు గడిచేకొద్దీ రెండోసారీ మూడోసారీ నీళ్ళు పోసిన కాఫీ డికాక్షన్‌లా పలచబడుతుంది. ఎప్పుడు ఆపాలన్నదే అసలు గుమాస్తా లెక్క.

నీటిని అదుపులో పెట్టే కిటుకు మాత్రం అన్ని దేశాల్లోనూ ఒకటే. దింపిన దానికన్నా కాస్త ఎక్కువ తోడాలి. వంద లీటర్లు లోపలికి పంపితే నూట ఒకటో రెండో బయటికి తియ్యాలి. అప్పుడు చుట్టుపక్కల నీరు గని వైపు వస్తుందే గానీ గని నీరు బయటికి పోదు. గని చుట్టూ కావలి బోర్లు వేసి, వాటిలో క్లోరైడ్ పెరుగుతోందా, నీటి విద్యుత్ వాహకత మారుతోందా అని చూస్తుంటారు. యురేనియం కన్నా ముందు పారిపోయేది క్లోరైడ్ కాబట్టి దొంగను పట్టించేది అదే. గొట్టాలు ఆమ్లం తినెయ్యలేని ప్లాస్టిక్‌వి అయ్యాయి, గాలి ఊది నీటిని పైకి లేపే పాత పద్ధతి పోయి నీట మునిగే పంపులు వచ్చాయి.

మూసేటప్పటి పని ఇంకా తెమలని వ్యవహారం. అమెరికాలో 1974లో తాగునీటి రక్షణ చట్టం వచ్చింది. దాని కింద చేసిన నిబంధనల ప్రకారం, ద్రావణ గని పెట్టాలంటే ముందు ఆ నీటిపొరను తాగునీటి రక్షణ నుంచి మినహాయించాలి. గని మూశాక నీటిని పూర్వస్థితికి తేవాలి. పాత నీటిని తోడి పారబోస్తారు, ఇళ్ళలో వాడే ఆర్‌ఓ యంత్రాల పెద్దన్నల్లాంటి వాటితో వడకట్టి తిరిగి పంపుతారు, ఆక్సిజన్‌ను హరించే రసాయనాలు దింపుతారు, నేలలోని బాక్టీరియాకు మేత వేసి యురేనియం మళ్ళీ గడ్డకట్టేలా చూస్తారు. అయినా 2009లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ టెక్సస్ రికార్డులు తిరగేసి చెప్పిన మాట కటువుగానే ఉంది. అన్ని మూలకాలూ గనికి ముందున్న స్థాయికి తిరిగొచ్చిన బోర్ల సముదాయం అక్కడ ఒక్కటీ కనిపించలేదు. చాలాచోట్ల కంపెనీలు అడగ్గా ప్రభుత్వమే లక్ష్యాల్ని సడలించింది. ఆస్ట్రేలియాలోని బెవర్లీ గనిలో అసలు ఈ తలనొప్పే పెట్టుకోలేదు. ఆ నీరు మొదటినుంచీ ఉప్పన, తాగడానికి పనికిరానిది. కనుక వాడిన ద్రావణాన్ని అదే పొరలోకి వదిలేసి, కాలం దాన్ని సర్దుబాటు చేస్తుందన్న లెక్క మీద అనుమతులిచ్చారు.

తెలుగు నేలకు ఈ వృత్తితో ఉన్న సంబంధం రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి హైదరాబాద్ అణు ఇంధన సముదాయం గుమ్మం దాకా వచ్చే దారి. 2008లో అంతర్జాతీయ ఆంక్షలు సడలాక భారత్ కజకిస్తాన్‌తో యురేనియం కొనుగోలు ఒప్పందాలు చేసుకుంది. 2015లో కుదిరిన ఒప్పందం 5 వేల టన్నులకు. అలా స్టెపీల అడుగున ఆమ్లంలో కరిగి, రెజిన్ మీద పట్టుబడిన యురేనియం హైదరాబాద్‌లో ఇంధన బిళ్ళలుగా మారి రియాక్టర్లకు వెళ్ళింది.

రెండో దారి కడప జిల్లా తుమ్మలపల్లెది. అక్కడ యురేనియం ఉన్నది సున్నపు అంశం నిండుగా ఉన్న డోలమైట్ రాతిలో. ఆ రాయి గట్టిది, నీరు లోపలికి నడవదు కాబట్టి బోర్లతో కరిగించే ప్రశ్నే లేదు. రాయిని తవ్వి తీసి పిండి చెయ్యాల్సిందే. కానీ రసాయనం మాత్రం టెక్సస్ వాళ్ళు పట్టిన దారిదే. ఆమ్లం పోస్తే సున్నమే తాగేస్తుంది గనుక జార్ఖండ్‌లోని జాదుగూడ గనిలో నడిచిన ఆమ్ల పద్ధతి ఇక్కడ చెల్లదు. అందుకని 2012లో మొదలైన మిల్లులో సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్, ఆక్సిజన్‌లతో, వేడీ పీడనమూ కలిపి మూసిన పాత్రల్లో కరిగిస్తారు. 0.05 శాతం కూడా లేని ఖనిజం గనుక తీసిన రాయి దాదాపు మొత్తం వ్యర్థంగా చెరువుకు చేరుతుంది. ఆ చెరువు పక్క ఊళ్ళ రైతులు తమ బోర్ల నీరు చెడిందనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఫిర్యాదులు చేస్తూ వచ్చారు. ద్రావణ గనుల్లో నేల అడుగున జరిగే వివాదం ఇక్కడ చెరువు కట్ట మీద జరుగుతోంది. నల్లమలలోనూ మాట మొదలైంది బోర్ల దగ్గరే. అమ్రాబాద్ అడవిలో అన్వేషణ బోర్లు వేస్తారన్న ప్రతిపాదనకు వ్యతిరేకంగా జనం కదిలాక, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ అక్కడ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

ఇప్పుడు ఈ విద్యలో కొత్త పరీక్ష జరుగుతున్నది కెనడాలోని అథబాస్కా ప్రాంతంలో. డెనిసన్ మైన్స్ సంస్థకు చెందిన ఫీనిక్స్ నిక్షేపంలో ఖనిజం చిన్న చోటనే ఉంది గానీ చాలా చిక్కన. తుమ్మలపల్లె ఖనిజంతో పోలిస్తే వందల రెట్లు. ఖనిజాన్ని బిగించే బంకమన్ను పొరలు కజకిస్తాన్‌లోలా అక్కడ లేవు. అందుకని చుట్టూ వరసగా బోర్లు వేసి, వాటిలో అతిశీతల ఉప్పునీటిని తిప్పి, ఖనిజం చుట్టూ నేలను మంచుగోడగా గడ్డకట్టించి, ఆ గోడ లోపలే ఆమ్లంతో కరిగించాలన్నది ప్రణాళిక. 2022లో గోడ లేకుండా చిన్న ఎత్తున క్షేత్రపరీక్ష జరిపి, యురేనియం కరుగుతుందనీ, తర్వాత ఆమ్లపు నీటిని విరిచి తోడెయ్యవచ్చనీ చూపారు. షర్లీ బేసిన్‌లో ముందు కరిగించి తర్వాత నీటి సంగతి చూశారు. ఇక్కడ, ఆ పరీక్ష సంగతి వదిలేస్తే, గోడ గడ్డకట్టాకే మొదటి లీటరు ఆమ్లం దిగుతుంది, లోపలి నీరు శుభ్రమయ్యేదాకా ఆ గోడను కరగనివ్వరు. అన్నాళ్ళూ శీతల యంత్రాల కరెంటు బిల్లు కంపెనీ ఖాతాలోనే పడుతుంది.